ప్లాస్టిక్ తొడుగు

“నీ సెట్టుకి ఆ ఒక్క రైలింజన్ కార్డే తక్కువన్నావని, నా ఆల్బమ్‌లోంచి తీసి కొన్న ధరకే ఇచ్చాను. మర్నాడే ఎవడికో అమ్మేశావట?” టైలర్ కుట్టుమిషను తొక్కుతూనే అడిగాడు.

“ఇచ్చాక నాదే కదా బావా! పదింతలు ఇస్తానంటే ఎవడొదులుకుంటాడు?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

బల్ల మీద పాత బొమ్మల కార్డులు పరుచుకున్న కాంపౌండర్ కిసుక్కున నవ్వాడు. “పోనీవయ్యా టైలరూ! అక్కనిచ్చినవాడు, ఆమాత్రం చనువుండదూ?”

టైలర్ కూడా నవ్వేశాడు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి ఊపిరాడింది. ప్రతి ఆదివారంలాగే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“కొత్తదేదో దొరికిందన్నావు, చూపించు బావా.”

టైలర్ లేచి, ఆల్బమ్‌లోంచి ఓడ బొమ్మ కార్డు తీసి కాంపౌండర్‌కిచ్చాడు. అతను వేలితో అంచు తడిమి, వాసన చూసి, మురిసిపోయి ఎలక్ట్రీషియన్ వైపు చాపాడు.

మధ్యలోనే టైలర్ అందుకున్నాడు. సొరుగులోంచి గట్టి ప్లాస్టిక్ తొడుగు తీసి, కార్డు అందులో పెట్టి, మూత నొక్కి, అప్పుడిచ్చాడు.

ఆ కొట్లో కార్డులు ఒట్టి చేతుల్లోనే తిరుగుతాయి. తొడుగు వేసేది బేరానికొచ్చే బయటివాళ్లకే.

“ఇదేంటి బావా, నాకు కూడానా?”

“మరక పడితే రేటు పడిపోతుంది కదా,” అన్నాడు టైలర్ మామూలుగా.

ఎలక్ట్రీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ప్లాస్టిక్ మీద ట్యూబులైటు మెరుస్తోంది, ఓడ సరిగ్గా కనబడలేదు.

“బాగుంది,” అని తిరిగిచ్చేశాడు.