తుప్పు మరక

మూడో రోజు కూడా ఆ మనిషి వచ్చి ఫొటో స్టూడియో మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాడు, పొమ్మన్నా పోడు.

స్టూడియో యజమాని తిరుమలరావుకి ఒళ్ళు మండింది.

సునామీ వచ్చి రెండు నెలలైంది. సాయం ఫారాలకి పాస్‌పోర్టు ఫొటోలు కావలసినవాళ్ళు స్టూడియో ఉన్న బతు బస్తీలో రోడ్డు మలుపుదాకా నిలబడి ఉన్నారు. ఇతగాడికి మాత్రం తన ఫొటో తప్ప వేరే లోకం లేదు.

సంగతంతా మొదటి రోజే చెప్పాడు. అతనిది దక్షిణపు కొస దీవిలోని క్యాంప్‌బెల్ బే. ఇల్లు కొట్టుకుపోగా ఇనుప ట్రంకుపెట్టెలో ఒక్క ఫొటో దొరికింది. ఉప్పునీళ్ళకి పెట్టె తుప్పంతా దానికి పట్టేసి, అందులో నిలబడ్డ ఇద్దరి మొహాలూ ఎర్ర మరక కింద మునిగిపోయాయి.

సంచీలోంచి ఒక లెన్సు తీసి చూపించాడు. డార్కురూంలో ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరుది, పాతకాలంది. రంగుటద్దాలు దాని లోపలే ఉన్నాయి. రింగు తిప్పితే పసుపు, ఇంకాస్త తిప్పితే ఎరుపు అడ్డం పడతాయి. దాని వెనక నల్లకాగితం అంటించిన నీళ్ళ పైపు ముక్కలు రెండు, ఒకదాంట్లో ఒకటి జరిగేలా అమర్చాడు. కొసన కెమెరా మూతకి చిల్లి పెట్టి అతికించాడు.

"నా కెమెరా సముద్రంలో పోయింది భయ్యా. మీది రెండు నిమిషాలిస్తే దీన్ని తగిలిస్తా. ఎర్రద్దంలోంచి చూస్తే ఎర్ర మరక కనబడదు. మొహాలు పైకొస్తాయి."

తన దగ్గర కంప్యూటరుందనీ, ఈ పైపుముక్క తగిలించి కెమెరా పాడుచేసుకోననీ తిరుమలరావు చెప్పేశాడు. కంప్యూటర్లో మరక తుడిస్తే మొహం కూడా పోతుందని తనకీ తెలుసు. అయినా ఫొటో చేతిలోకి కూడా తీసుకోలేదు.

హిందీ యాసలో తెలుగు విని, ఎక్కడ నేర్చుకున్నావని మాత్రం అడిగాడు.

"ఇంట్లోనే," అన్నాడతను.

పేరేమిటని తిరుమలరావు అడగలేదు.

అసలు ఆ రోజుల్లో తిరుమలరావు మనసు మనసులో లేదు. క్యాంప్‌బెల్ బే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే చెల్లెలు శ్రావణి పేరు గల్లంతైనవాళ్ళ జాబితాలో వచ్చింది. కూతురి ఫొటో కోసం తల్లి అప్పలకొండమ్మ గోడకి మేకు కొట్టించింది. ఇంట్లో పిల్ల ఫొటో ఒక్కటీ లేక, ఆ ఉత్త మేకుకే రోజూ చామంతిదండ వేస్తోంది.

బస్తీలో అందరి మొహాలూ తీసినవాడి ఇంట్లో సొంత చెల్లెలి మొహం లేదు. దీపం కిందే చీకటి అంటారు. కానీ ఈ చీకటి తిరుమలరావు తన చేత్తో చేసుకున్నది. కులం కాని మనిషిని చేసుకున్నానని ఎనిమిదేళ్ళ కిందట శ్రావణి ఉత్తరం రాసింది. కవరులో పెళ్ళి ఫొటో కూడా పెట్టింది. అతను దాన్ని చూడకుండానే పొయ్యిలో పడేశాడు. చిన్నప్పటి ఫొటోలూ, నెగటివులూ దాని వెనకే పంపాడు. నీ మొగుడు నా గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని జవాబు రాశాడు.

ఇప్పుడు ఆ మేకు వంక చూడాలంటేనే అతనికి భయం.

మధ్యాహ్నం అప్పలకొండమ్మ క్యారేజీ తెచ్చింది. మెట్టు మీది మనిషి గబుక్కున లేచి దారిచ్చాడు. ఎండలో మాడిపోతున్నాడని ఆవిడ మంచినీళ్ళిచ్చింది. తాగి, "సల్లగున్నాయమ్మా నీల్లు" అని చెంబు తిరిగిచ్చి, వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చెంబుడు నీళ్ళకి ఇంత దణ్ణమా, ఎవడో వెర్రిబాగులవాడు అనుకున్నాడు తిరుమలరావు.

ఆవిడ వెళ్ళాక అతను మళ్ళీ నోరు విప్పాడు.

"రేపు మా షిప్పు భయ్యా. ఒక్కసారి చూడండి."

తిరుమలరావుకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో అతనికే తెలీదు.

"బతికున్నప్పుడు ఒక్క ఫొటో జాగర్త సేసుకోలేనోడివి, పోయాక మొకం గావాలని నా పేనం తీస్తావేటి?"

వరసలో నిలబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు.

ఆ మనిషి సంచీ విప్పాడు. లెన్సునీ, ఫొటోనీ గుమ్మం బయటే, మెట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మీ దగ్గరే ఉండనీండి. తీరికైనప్పుడు చూడండి," అని వెళ్ళిపోయాడు. కొట్టు మూసేటప్పుడు తిరుమలరావు వాటిని తీసి బల్ల మీద పడేశాడు.

షిప్పు వెళ్ళిన మర్నాడు క్యారేజీతో వచ్చిన అప్పలకొండమ్మకి అవి బల్ల మీద కనబడ్డాయి.

"ఆ బాబు ఎవుల్రా? యాస ఏరైనా మాట అచ్చం మన సిక్కోలు మాట. ఏటి పోగొట్టుకున్నాడో పాపం. ఓపాలి సూడరాదా?"

తల్లి పోరు పడలేక తిరుమలరావు లెన్సుని కెమెరాకి తగిలించాడు. కెమెరా పాడవుతుందనుకున్నాడు కానీ, అది కొలిచి చేసినట్టు అమిరింది. ఫొటోని బల్ల మీద పరిచి, పైపుముక్క జరిపి, కెమెరాలో కన్ను పెట్టాడు.

రింగు తిప్పాడు. పసుపు పడింది. మరక కదల్లేదు.

ఇంకాస్త తిప్పాడు. ఎరుపు పడింది.

మరక ఆ ఎరుపులో కలిసిపోయింది. దండలు వేసుకున్న జంట పైకొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట అతను చూడకుండా కాల్చిన ఫొటో ఇదే.

తిరుమలరావు పైపుముక్కని ఇంకాస్త జరిపి, మళ్ళీ చూశాడు.

"ఏట్రా, ఎవులు కనబడ్డారు?" అంది తల్లి.

"మన శ్రావణి అమ్మా," అన్నాడు. "పక్కనున్నోడు, మూడ్రోజులూ మన గుమ్మం తొక్కకుండా మెట్టు మీదే కూకున్నాడు గదా, ఆ బాబే... నీ అల్లుడు."