నంద్యాల ఎండలో హీటరు

"ఈ పొద్దుతో సరి. శనివారం నేను రాను" అంది లూదియా, నంద్యాల ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు గడప మీద నిలబడి.

మొగుడు ఏసయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "రాకుంటే ఏమైతాదో తెలుసు కదమ్మే?"

"తెలుసు. సూదులకు నేను భయపడను. ఇంటికి పొయ్యేటప్పుడు వచ్చే చలితోనే చస్తాండా. పళ్లు ఊడి చేతికొస్తాయేమో అనిపిస్తాది. వారానికి మూడుమార్లు ఈ వణుకు నాతో కాదయ్యా."

తలుపు మూసుకుంది. లోపల నాలుగు గంటల పని. ఏసయ్య చేతిలో ఉన్నవీ ఆ నాలుగు గంటలే.

మెషిన్ మీది నుంచి దిగితే చాలు, నలభై మూడు డిగ్రీల మే నెలలో కూడా ఆమెకు వణుకు పుడుతుంది. ఆళ్లగడ్డలో ఇల్లు చేరేదాకా రెండు దుప్పట్లలోంచి ఆమె పళ్లు టకటకా కొట్టుకోవడం ఇంజను మోతలో కూడా వినబడుతుంది. ఈమధ్య ఆ చప్పుడు అతనికి నిద్రలోనూ వినబడుతోంది.

కారు అతను సొంతంగా చేసుకున్నదే. వెల్డింగ్ షాపు ఉన్నవాడు కారు కొంటాడా, అతుక్కుంటాడు గానీ. ఇంజను సీట్ల వెనకే ఉంటుంది. అందులో లేనిది హీటరొక్కటే. రాయలసీమలో హీటరు అడిగేవాడెవడు? పోయిన వారం డోన్‌లో పాత సామాన్ల అంగట్లో ఒకటి దొరికింది. దాన్ని ముందు కాళ్ల దగ్గర బిగించి, ఇంజనులో కాగే నీళ్లు అక్కడిదాకా వచ్చేలా సీట్ల మధ్యగా రెండు రబ్బరు పైపులు లాగాడు. అన్నీ కుదిరాయి, వేడి తప్ప.

"ఏందన్నా ఇది?" ఆసుపత్రి వాచ్‌మన్ బుడేన్ వంగి చూశాడు.

"హీటరు."

"ఈ ఎండలోనా? ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?"

"మా ఆమెకు చలి, బుడేనూ."

బుడేన్ నవ్వు ఆగిపోయింది. ఆ వార్డులోంచి వణుక్కుంటూ వచ్చేవాళ్లను రోజూ చూసేవాడే కదా.

మూడున్నర గంటలు గడిచాయి. ఇంజను దగ్గర పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. హీటరు దగ్గర అదే పైపు చల్లగా ఉంది. ఇంత పొడుగు పైపులో గాలి ఇరుక్కుని నీళ్లను కదలనివ్వడం లేదు. పిసికాడు, తట్టాడు, విప్పి మళ్లీ బిగించాడు. ఊహూఁ. ఇంకో అరగంటలో ఆమె వచ్చేస్తుంది. ఏసయ్య నేల మీద కూలబడి పైకి చూశాడు.

"దేవా, ఒక్క గాలిబుడగ! ఒక్క బుడగ కోసం నా పెండ్లాన్ని తీసుకుంటావా?"

అప్పుడు కంటబడింది, గడప ముందున్న స్ట్రెచర్ల ఏటవాలు దారి. గాలి ఎప్పుడూ ఎత్తుకే ఎక్కుతుంది. కారు ముక్కు పైకి లేస్తే, హీటరు దగ్గరి స్క్రూలోంచి అదే బయటికి పోతుంది.

"ఓ అన్నా, ఆడ ఎక్కియ్యాకు! నా ఉద్యోగం పోతాది!" బుడేన్ పరిగెత్తుకొచ్చాడు.

"రెండే నిమిషాలప్పా. నీ కాళ్లు పట్టుకుంటా."

బుడేన్ అటూ ఇటూ చూశాడు. "తొందరగా కానియ్ మరి."

కారు ఏటవాలు మీదికి ఎక్కించి స్క్రూ వదులు చేయగానే బుస్సుమంది. గుడగుడమని దగ్గింది. ఉన్నట్టుండి వేడినీళ్లు వేళ్ల మీద చిమ్మాయి. ముందు పైపు కాలిపోతోంది! ఏసయ్యకు ఏడుపొచ్చింది. స్క్రూ బిగించాడు. వెనకాల ఒక క్లిప్పు దగ్గర నీళ్లు కారుతుంటే, నీళ్లు ముందుకు పోకుండా ఇంజను పక్కనున్న వాల్వు మూసి, క్లిప్పు బిగించసాగాడు.

"అన్నా, మీ ఆమె వచ్చె! స్ట్రెచర్ గూడా వస్తాంది, కారు తియ్!"

మూత దబ్బున వేసి పరిగెత్తాడు.

లూదియాను కూర్చోబెట్టి దుప్పట్లు కప్పి, హీటరు ఫ్యాను తిప్పాడు. కాళ్ల దగ్గర వేడిగాలి కొట్టింది.

"వేడి వస్తాందా?"

ముక్కుదాకా దుప్పటి లాక్కుని ఆమె తలూపింది.

శిరివెళ్ల మెట్ట దాటారు. ఏసయ్య చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. చెవులు రిక్కించి విన్నాడు. టకటక లేదు. ఆళ్లగడ్డ దాకా ఒక్కసారి కూడా లేదు. ఈ దారిలో ఈల వేసి ఎన్నాళ్లయిందో, వేశాడు.

ఇంటి ముందు దిగి, గోడ పట్టుకుని నిలబడింది లూదియా. "వెచ్చగా ఉన్నింది. శనివారం గూడా ఇట్లే పోదాం లేయ్యా."

ఆమె లోపలికి పోయాక, క్లిప్పు ఇంకా కారుతోందేమో చూద్దామని వెనక మూత ఎత్తాడు ఏసయ్య. వాల్వు మూసే ఉంది.

అంటే నలభై కిలోమీటర్లూ ముందుకు కొత్తగా ఒక్క చుక్క వేడినీళ్లు పోలేదు. పైపులో మిగిలిన వేడి ఐదు నిమిషాలు వచ్చిందేమో. ఆపైన అతన్ని ఉడికించింది ఉత్త నంద్యాల ఎండగాలి. తన మతిమరుపుకు తనే నవ్వుకున్నాడు. అయితేనేం, ఈ రోజు చలి రాలేదు కదా! వాల్వు తెరిచి, సీటు మీది దుప్పటి మడతపెడదామని తీశాడు.

దుప్పటి కొన తడిసి ముద్దయింది. దాని నిండా పళ్లగాట్లు, రెండుచోట్ల గుడ్డకు చిల్లులు పడ్డాయి.