పన్నెండడుగుల పడవ

"ఇరవై హార్స్‌పవర్ మోటారు వద్దు సార్. మీ పడవకి పదే ఎక్కువ," అన్నాడు మోటారు బాబాయ్ మూడోసారి.

ఊళ్లో పడవ మోటార్లు అమ్మే కొట్టు అదొక్కటే. అందుకే ఆయనకి ఆ పేరు. అడిగినదానికన్నా చిన్నది చేతిలో పెట్టి పంపే వ్యాపారి లోకంలో ఈయనొక్కడేనని ఆయన భార్య దెప్పుతూ ఉంటుంది.

వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. వానకి తడిసిన గొడుగు చేతిలోనే ఉంది. నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటున్నాడు.

"పెద్దదైతే తొందరగా వెళ్తుంది కదా?"

"తొందరగా బోల్తా కొడుతుంది. పన్నెండడుగుల పడవ అన్నారు కదా, దాని వెనక చెక్క మీద చిన్న రేకు ఉంటుంది. పది హార్స్‌పవర్, అయిదుగురు మనుషులు అని రాసి ఉంటుంది. ఇరవై తగిలిస్తే ఆ బరువుకి వెనక భాగం దిగిపోయి నీళ్లెక్కుతాయి. మా బావమరిది నా మాట వినలేదు. మొదటి మలుపులోనే పడవ పైన, వాడు కింద. ఈత వచ్చు కాబట్టి బతికిపోయాడు."

"మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు."

"మరి ఈ షికారు సరదా ఏమిటి సార్! ఎంతమంది ఎక్కుతారు?"

"ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, అత్తగారు."

"ఒకరెక్కువ. రెండు ట్రిప్పులు వేసుకోండి."

"రెండో ట్రిప్పు కుదరదు."

ఆ విసురుకి బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. చెరువులో కాసేపు తిరగడానికి ఇంత హడావిడా? ఇంట్లో ఎవరో గట్టిగానే పోరు పెడుతున్నారనుకున్నాడు.

"పోనీ అత్తగారిని ఒడ్డున కూర్చోబెట్టండి. ఆవిడకి విశ్రాంతి, మీకు మనశ్శాంతి."

అతను నవ్వలేదు. "పారే నీళ్లకి ఎదురెక్కాలంటే పది చాలుతుందా?"

"ఎదురెందుకు వెళ్లడం? నీళ్లతో పాటే పోతూ ఏటవాలుగా ఒడ్డుకి లాగాలి. అయినా ఇన్ని వానలు పడ్డా మన ఏరు మోకాలు దాటలేదు, పారే నీళ్లెక్కడివి? ఇంతకీ పడవ ఎక్కడ పెట్టారు?"

"డాబా మీద."

బాబాయ్‌కి నవ్వాగలేదు. "నీళ్లు చెరువులో, పడవ డాబా మీదా!"

"కింద చోటు లేదు," అని అతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. "నేను ఎక్కకపోతే అయిదుగురే కదా?"

"మీరెక్కకపోతే నడిపేదెవరు?"

"మా ఆవిడ. మోటారుకుండే ఆ తాడు లాగి స్టార్ట్ చెయ్యగలదా?"

"పది అయితే లాగుతారు. ఇరవై అయితే మీ భుజమే జారిపోతుంది."

"అయితే పదే ఇవ్వండి. అయిదు లైఫ్ జాకెట్లు కూడా. ఎలా నడపాలో కాగితం మీద రాయండి, పిల్లలకి కూడా అర్థమవ్వాలి."

"పక్కనుండి మీరే నేర్పొచ్చు కదా?"

"నాకు సెలవు లేదు. డ్యూటీలో ఉండాలి."

బాబాయ్‌కి జాలేసింది. ఇంటిల్లిపాదీ షికారు వెళ్తుంటే ఇంటి పెద్ద ఆఫీసులోనా? పాడు ఉద్యోగమని మనసులోనే తిట్టుకుని, ఒక్కో మాటా పెద్ద అక్షరాలతో రాశాడు. అందరూ మధ్యలో కూర్చోవాలి. ఎవరూ లేచి నిలబడకూడదు. మలుపులో వేగం తగ్గించాలి.

ఈలోగా అతను వారంటీ కార్డు గబగబా నింపి బల్ల మీద పెట్టాడు. మోటారుని తన బండిలోకి ఎక్కించాక మళ్లీ గుమ్మం దాకా వచ్చాడు.

"మీ ఇల్లెక్కడ?"

"ఈ కొట్టు వెనకే."

"మేడ ఉందా?"

"మనకి మేడలెక్కడివి సార్!"

అతను కొట్టంతా కలయజూశాడు. "ఇలాంటిది ఇంకోటి ఉందా?"

"ఆఖరిది ఒకటుంది."

"అది ఎవరికీ అమ్మకండి."

ఎందుకని అడిగేలోపే ఫోన్ మోగింది. అతను వానలో పరుగెత్తాడు. వింత మనిషి అనుకుంటూ, స్టాంపు వేద్దామని బాబాయ్ వారంటీ కార్డు అందుకున్నాడు.

ఉద్యోగం అన్న గడిలో 'ఎగువ ఆనకట్ట ఇంజనీరు' అని ఉంది.