అవతలి గొంతు

"నేను రాను. నడిసముద్రంలో నాకు పిచ్చెక్కిందని వాళ్లకి చెప్పెయ్" అన్నాడతను.

బాత్‌రూమ్ గచ్చు మీద గోడకానుకుని కూర్చున్నాడు. పడవలో ఒక్కడే సముద్రాలు దాటి, ఒడ్డెక్కి వారమైనా మంచం మీద నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే గది ఊగుతోంది. ఈ ఇరుకే కాస్త నయం. కింద కారు వచ్చి ఆగింది. సన్మాన సభలో జనం ఎదురుచూస్తున్నారు. ఇస్త్రీ చొక్కా చేత్తో పట్టుకుని భార్య గుమ్మంలో నిలబడింది.

అంత దూరం వెళ్లొచ్చినవాళ్లు నలుగురిలో నాలుగు మాటలు చెప్పలేరా అంది.

"ఏం చెప్పమంటావు? నీతో మాట్లాడే రేడియో తుఫానులో తడిసి చచ్చింది. దాని మీది దీపం కూడా వెలగలేదు. ఆ చచ్చిన పెట్టెలోంచి నీ గొంతు వినపడేది. చిన్నపిల్లాడిలా నేను జవాబులు చెప్పేవాణ్ణి."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తలెత్తలేకపోయాడు.

"నేనేమన్నాను?" అంది ఆమె.

మంచినీళ్లు తాగమనేదట. కాస్త కునుకు తీయమనేదట. నడుముకి తాడు కట్టుకోకుండా పైకెక్కితే తిట్టేదట.

"పిచ్చి ఎంత ముదిరిందంటే, 'నేను నిజంగానే మాట్లాడుతున్నానండీ' అని కూడా అనేదానివి" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి మీరేమన్నారు?"

అది ఆమెకి చెప్పే మాట కాదు. ఒకనాడు కసికొద్దీ ఆ పెట్టె మీదికి అరిచాడు. 'నీతో ఒక కప్పు కింద బతకలేకే సముద్రం మీద పడ్డాను. నీ ముఖం చూడటం కన్నా మునిగిపోవడం మేలు' అన్నాడు.  కాసేపటికి అవతలి నుంచి అదే గొంతు, కాస్త బొంగురుగా, మంచినీళ్లు తాగారా అని అడిగింది. ఆ పూట అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏవో గాలీవానా కబుర్లు" అన్నాడు.

ఆమె చొక్కా కొక్కేనికి తగిలించింది. పోయింది దీపం ఒక్కటేనని, రేడియో నిక్షేపంలా ఉందని పెట్టె విప్పి చూసిన మెకానిక్ చెప్పాడంది. అతను చివాలున తలెత్తాడు. అప్పటికే ఆమె అటు తిరిగింది.

"తయారవండి. నా ముఖం మీకు కనపడకుండా కారులో వెనక సీట్లో కూర్చుంటాను లెండి."