నడిమి ముక్క

"కత్తెర పెట్టు. ఇంకా ఏం చూస్తన్నావ్?" అంది శేషమ్మ.

శ్రీదివ్య కత్తెర తెరిచి, మళ్లీ మూసింది. మంచం మీద పరిచి ఉన్నది అత్తగారు రాఘవమ్మ పాత నేత చీర. ఉతికి ఉతికి ఆకుపచ్చ రంగు వెలిసింది, నూలు వెన్నలా మెత్తబడింది. అత్తగారి పెట్టె తీయడమంటే మాటలా? ఆవిడ కారంపూడిలో పెళ్లికి వెళ్లింది కాబట్టి సరిపోయింది.

"చెప్పకుండా కోస్తే ఏమంటదో పిన్నీ."

"మూడుసార్లు అడిగావు గదా. ఇయ్యనంది. నడిమధ్యన నాయనమ్మ చీర ముక్క లేకుండా బొంత ఏంది? ఈ వీధిలో ఏ పసిబిడ్డకన్నా అట్టా కుట్టామా?"

శ్రీదివ్యకు ఎనిమిదో నెల. ఇది మూడో కడుపు. మొదటిది మూడో నెలలోనే పోయింది, రెండోది అయిదో నెలలో. అందుకే ఎదురింటి శేషమ్మ ఈ బొంత పని పెట్టించింది. తొమ్మిది ఇళ్ల నుంచి తొమ్మిది చీర ముక్కలు కావాలి. ఇచ్చే తల్లుల్లో ఎవరికీ ఒక్క బిడ్డ కూడా పోయి ఉండకూడదు. అలాంటి తల్లులు కట్టి విడిచిన చీరల మీద పడుకోబెడితే పసిగుడ్డు నిలుస్తుందని ఆ వీధి ఆడవాళ్ల నమ్మకం.

బీటెక్ చదివిన శ్రీదివ్య ఒకప్పుడైతే నవ్వేసేదే. ఇద్దరు పోయాక నవ్వు రాలేదు. సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాని పిల్ల, నెల రోజుల్లో పని పట్టేసింది. పెళ్లిపత్రిక అట్టను కొలతకు కత్తిరించి, దాన్ని గుడ్డ మీద ఆనించి గీత గీసుకుని కోస్తుంది. అంచు లోపలికి మడిచి, బియ్యపు గింజంత కుట్లు వేస్తుంది. మొదటి వారం వేసిన కుట్లన్నీ శేషమ్మ ఊడదీయించింది. పొడుచుకుని పొడుచుకుని ఎడమచేతి చూపుడువేలు మొద్దుబారింది.

ఎనిమిది ముక్కలు కుదిరాయి. అవైనా సులువుగా కుదిరాయా? తెచ్చిన ప్రతి ముక్కనూ రాఘవమ్మ చేతిలోకి తీసుకుని ఆరా తీసేది. "ఎవురిది? ఎంతమంది పిల్లలు? అందరూ బతికే ఉన్నారా?" పక్కవీధి హన్నమ్మ టీచర్ ప్రేమగా ఇచ్చిన గళ్ల చీర ముక్కను తిప్పి పంపేసింది.

"ఆమెకు పురిట్లో ఒకడు పోయాడంట. ఆ ముక్క మనకొద్దు," అంది. ఆ రోజంతా మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు.

బొంత పూర్తి కావడం ఇష్టం లేకే వంకలు పెడుతోందనుకుంది శ్రీదివ్య. అనుకోదా మరి? నిండు ముత్తైదువ అయి ఉండి సీమంతం నాడు కోడలి మీద నాలుగు అక్షింతలు వెయ్యలేదు, వడ్డనలు చూడాలంటూ వంటింట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రికి బయల్దేరే ప్రతిసారీ పెరట్లోకి వెళ్లిపోయేది. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా కడుపు మీద చెయ్యి వేసి చూడలేదు. తన తమ్ముడి కూతుర్ని చేసుకోమని ఆవిడ అంటే కొడుకు చైతన్య వినకుండా శ్రీదివ్యను చేసుకున్నాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, ఇప్పుడు పుట్టబోయే బిడ్డ మీదికి మళ్లింది. శ్రీదివ్యకు అలాగే తోచింది.

"మీ అత్త చీర కంటే మంచిది ఎక్కడ దొరుకుద్ది?" అంది శేషమ్మ. "ఒక్కడే కొడుకు, రాయల్లే ఉన్నాడు. క్రోసూరు నుంచి వాణ్ని చంకనేసుకుని ఈ గురజాల వచ్చిన కాడ్నించీ చూస్తన్నా. చానా భద్రంగా పెంచింది. కొయ్యి, ఏం గాదు."

శ్రీదివ్య కళ్లు మూసుకుని కత్తెర ఆడించింది.

శేషమ్మ ఇంటికి పోయింది. నాలుగింటి బస్సుకు అత్తగారు దిగుతుంది. మూడు వైపులా కుట్టేసరికి మూడున్నర. నాలుగో వైపు కుడుతుంటే దారం రెండుసార్లు చిక్కుపడింది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. "ఉండమ్మా, అయిపోయింది," అంది శ్రీదివ్య పైకే. ముడి వేసి దారం తెంపుతుండగా వాకిట్లో ఆటో ఆగింది.

బొంతను దిండు కింద తోసింది గానీ, పెట్టె మూత వెయ్యడం మరిచిపోయింది.

రాఘవమ్మ లోపలికి వస్తూనే పెట్టె వంక చూసింది. కోసిన చీర పైకి తీసింది.

"ఏందే ఇది? దీన్నెందుకు కోశావు?"

శ్రీదివ్య చూపు దిండు మీదికి పోయింది. రాఘవమ్మ దిండు లాగేసి బొంతను బయటికి తీసింది. నడిమధ్యన ఆకుపచ్చ ముక్కను చూడగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంచం మీద ఉన్న కత్తెర అందుకుంది.

"వద్దత్తయ్యా. మీ కాళ్లు పట్టుకుంటా."

ఆవిడ వినలేదు. కింద కూలబడి, పక్క ముక్కలకు గీటు పడకుండా, ఒక్కొక్క కుట్టునూ తెంపడం మొదలుపెట్టింది. నెల రోజుల కష్టం కళ్లముందే ఊడిపోతుంటే శ్రీదివ్యకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నేనంటే ఇష్టం లేకపోతే పోనీండి. నా బిడ్డ మీకేం చేసింది? ఇది కూడా పోవాలనేగా మీకు?"

రాఘవమ్మ చేతులు ఆగాయి. ఊడిన ముక్కను పిడికిట్లో బిగించి, కోడలి కడుపు వైపు రెండో చెయ్యి చాపింది. తాకకుండానే వెనక్కి తీసుకుంది.

"చైతన్య కంటే ముందు నాకు ఇద్దరు పోయారమ్మా."