కల్లు పొంగు

"సాయిబూ, గది ఖాళీ చెయ్యి."

చెంచురామయ్య చెప్పులైనా విప్పకుండా అన్నాడు. ఆయన గుంటూరులో మిరపకాయల వ్యాపారి. ఆసుపత్రికి వచ్చేవాళ్ళకు ముందుగది అద్దెకిస్తాడు.

హయాత్ చాప మీద నుంచి మెల్లగా లేచాడు. దర్శి మనిషి. మూత్రానికి గొట్టం వేశారు. మంట, చలిజ్వరం. ఆసుపత్రిలో మంచం దొరక్క ఇక్కడ దిగాడు.

"ఏం తప్పు జరిగిందండీ?"

"జ్వరం హెచ్చిందని నిన్ను రిక్షాలో తీసుకెళ్ళింది నేనేగా? డాక్టరు చెప్పింది విన్లేదనుకున్నావా? నీ మూత్రంలో ఉన్నది మామూలు క్రిమి కాదు, ఈస్టు. కల్లు పొంగేది ఆ జాతి వల్లేనన్నాడా లేదా?"

"అన్నారండి. అరుదుగా వస్తుందనీ అన్నారు."

"తాగకుండా ఒంట్లోకి నడిచొచ్చిందా?"

లోపలి నుంచి ఆయన భార్య వెంకటరావమ్మ అందుకుంది. "మద్యనిషేధం రోజులు. పోలీసులొస్తే మా పరువేం కాను? పైగా అయిదు పూటలా నమాజొకటి!"

"నేను తాగనమ్మా."

"తాగినోడు తాగానంటాడా?"

హయాత్ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మద్రాసు నుంచి మందు తెప్పిస్తున్నారండి. అదొచ్చేదాకా ఉండనివ్వండి. బస్సు కుదుపులకు ఆగలేను."

"దొంగకల్లుకైతే నడిచే పోతావుగా!"

సాయంత్రం బస్సుకు హయాత్ వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా డాక్టరు కబురు పెట్టాడు. చెంచురామయ్య వెళ్ళాడు.

"మందొచ్చింది. సాయిబు ఏడండీ?"

"తాగుబోతును ఇంట్లో పెట్టుకోలేక పంపేశానండి."

"తాగుడెక్కడిది? జాతి ఒకటన్నాను గాని, కల్లులోంచి వచ్చిందన్నానా? గొట్టం ఉన్నవాళ్ళకు సూదిమందులు ఎక్కువైతే పడుతుంది అది. రక్తంలోకి పోతే మనిషి దక్కడు. వెంటనే తీసుకురండి."

మర్నాడు తొలి బస్సుకే చెంచురామయ్య దర్శి చేరాడు.

హయాత్ ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు. పక్కింటి జక్రయ్య ఎదురొచ్చాడు.

"మొన్ననే పోయాడండీ. ఒకటే చలిజ్వరం. మీరెవరు?"

చెంచురామయ్య పేరు చెప్పలేదు.

"ఆయన... తాగుతాడని ఎవరో అంటే..."

"హయాతా? తాగుడా?" జక్రయ్య ఎగాదిగా చూశాడు. "ఉప్పు సత్యాగ్రహం నాడు తాగొద్దని కల్లుదుకాణం గడపలో అడ్డంగా పడుకుంటే, దుకాణందారు మనుషులు పొత్తికడుపు తొక్కేశారండీ, అప్పట్నుంచే ఆయనకు మూత్రం కట్టేది."