ఒక్క ముద్ద

సెమీసీ చెల్లెల్ని జుట్టు పట్టుకుని తల్లి పక్కనుంచి ఈడ్చేశాడు.

"అమ్మని కడుపు మాడ్చి చంపుతావుటే, మసీనా?"

"అమ్మే వద్దంటోంది అన్నయ్యా. ఇంక బలవంతంగా పెట్టొద్దని నర్సమ్మ కూడా చెప్పింది."

"మాట పడిపోయిన మనిషి వద్దని ఎలా అందే?"

చెంప ఛెళ్లుమంది. తోడబుట్టినదాని మీద చెయ్యెత్తినవాణ్ణి మా సమోవాలో ఊరు వెలేస్తుంది. ఆ సంగతీ అతనికి గుర్తులేదు. తల్లి దవడలు నొక్కి, కొబ్బరిపాలలో మెదిపిన చేమదుంప నోట్లో కుక్కాడు.

"మింగమ్మా! నీకోసం ఆపియా పట్నం నుంచి పడవెక్కి వచ్చాను. ఒక్క ముద్ద!"

తల్లి మింగలేదు. కరిచింది. పక్కమీద ఒత్తిగిలలేని మనిషికి అంత బలం ఎక్కడిదో, నెత్తురు వచ్చేదాకా అతని వేలు వదల్లేదు.

సెమీసీ కేకపెట్టి చెయ్యి లాక్కున్నాడు. తల్లి కళ్లు అతన్నే చూస్తున్నాయి. ముద్ద ఆమె గడ్డం మీదుగా జారిపోయింది.

"వద్దంటోంది," అన్నాడు.

మసీనా తన చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పింది. వేళ్లన్నిటి మీదా పళ్లగాట్లు, పాతవీ కొత్తవీ.

ఆ గుడ్డే చింపి అన్న వేలికి కట్టు కట్టింది.

"నీకు ఒక్క కాటుకే అర్థమైంది అన్నయ్యా. నాకు ఇన్ని పట్టాయి."